సూర్యుణ్ణి జనానికి టెలిస్కోప్‌లోంచి నేరుగా చూపించవచ్చా?

ప్రశ్న (నెల్లూరు నుంచి):

ఖగోళ పరిశీలనను అభిరుచిగా పెట్టుకున్న మేము కొందరం ఆదివారం ఉదయాల్లో పెన్నా ఒడ్డున ప్రజలకు సూర్యమచ్చలు చూపించాలనుకుంటున్నాము. 2027 ఆగస్టు 2 సాయంత్రం మన జిల్లాల్లో పాక్షిక సూర్యగ్రహణం కనిపించనుంది కాబట్టి, ఆలోపు మాకూ జనానికీ అలవాటు కావాలని మా ఉద్దేశం. వచ్చినవారిని ఐపీస్‌లోకి (టెలిస్కోప్‌లో కన్ను ఆనించి చూసే కటకంలోకి) చూడనివ్వాలా, తెల్ల అట్ట మీద ప్రతిబింబం పడేలా చేసి చూపిస్తే చాలా అన్న విషయంలో మాకు ఏకాభిప్రాయం కుదరలేదు.

ఒంగోలు నుంచి:

అట్ట మీద చూపించడమే క్షేమమని నా అభిప్రాయం. రెటినాకు, అంటే కంటి లోపలి తెరకు, నొప్పి తెలియదు. అది కాలుతున్న సంగతి చూస్తున్న క్షణంలో తెలియక, కొన్ని గంటల తరువాత చూపు మధ్యలో మసక ఏర్పడినప్పుడు బయటపడుతుంది. పసుపునీళ్ల పళ్లెంలో గ్రహణం చూడవద్దని, ఎక్స్‌రే ఫిల్మును నమ్మవద్దని ఇన్నేళ్లుగా ఊరూరా చెబుతూ వచ్చినవాళ్లం, ఇప్పుడు మనమే టెలిస్కోప్‌కు కన్ను ఆనించమంటే జనం దేనిని నమ్మాలి?

కావలి నుంచి:

ఒంగోలువారి భయం న్యాయమైనదే. అయితే అట్ట మీద ప్రతిబింబం పడాలంటే టెలిస్కోప్‌కు ఫిల్టర్ ఉండకూడదని, అంటే ఐపీస్‌లోంచి వచ్చేది వడపోత లేకుండా కేంద్రీకృతమైన ఎండ అని వారు గమనించాలి. అట్టకూ ఐపీస్‌కూ మధ్య ఒక పిల్లవాడు తల దూర్చితే చాలు, కన్ను పోతుంది. ముందు కటకానికి బిగించిన మంచి ఫిల్టర్ సూర్యకాంతిలో దాదాపు లక్షో వంతును మాత్రమే లోపలికి రానిస్తుంది కాబట్టి, అది ఊడనంతసేపు ఐపీస్ దగ్గర ఎవరు ఏం చేసినా హాని ఉండదు. ఐపీస్‌కు మరలాగా తిప్పి బిగించే చిన్న నల్ల ఫిల్టర్లను మాత్రం పారవేయవలసిందే, ఎందుకంటే వేడి చేరి కేంద్రీకృతమయ్యే చోట ఉండే ఆ గాజు పగిలిపోవచ్చు. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని ఫిల్టర్ లేని టెలిస్కోప్‌లోకి చూడటం కూడా అంతే ప్రమాదకరం.

అసలు అపాయం ఫిల్టర్ ఊడిపోవడంలో ఉంది. మైపాడు, కొత్తపట్నం వంటి తీరాల్లో పొద్దెక్కాక సముద్రపుగాలి లేస్తుంది. అక్కడ బిగుతుగా కూర్చున్నట్టు కనిపించే ఫిల్టర్‌నైనా చుట్టూ టేపు వేయకుండా నమ్మరాదు. గురి చూసుకోవడానికి టెలిస్కోప్ పక్కన ఉండే చిన్న దుర్భిణికి, అంటే ఫైండర్‌కు, మూత వేయడమో, దానిని పూర్తిగా తీసేయడమో చేయాలి. ప్రతి వ్యక్తి చూసేముందు ఫిల్టర్‌ను చేత్తో తడిమి చూసే మనిషి ఒకరు టెలిస్కోప్‌ను విడిచి కదలకూడదు, దాహం వేసినా సరే. అంతమంది కార్యకర్తలు లేని రోజున టెలిస్కోప్‌ల సంఖ్య తగ్గించుకోవడమే నిజాయితీ.

భూమి కంటే పెద్దదైన మచ్చను తన కంటితో చూసినవారికి సూర్యుడి మీద కలిగే ఆసక్తిని మాటలతో కలిగించలేము. ఆ అవకాశాన్ని భయంతో మూసివేయడం నాకు సమ్మతం కాదు.

ఒంగోలు నుంచి:

ఐపీస్‌లోంచి వచ్చే కాంతి గురించి కావలివారు చెప్పినదానిని అంగీకరిస్తున్నాను. అయినా చిన్నపిల్లల వరుసను వేరుగా పెట్టి, వారికి సూదిబెజ్జం అట్టతో, అంటే అట్టకు పొడిచిన సన్నని బెజ్జం గుండా ఎండను మరో అట్ట మీద పడనిచ్చి, చూపించాలని కోరుతున్నాను. బెజ్జానికి ఒక మీటరు దూరంలో సూర్యబింబం సుమారు 9 మిల్లీమీటర్ల వెడల్పున పడుతుంది. సాధారణంగా మచ్చలు అందులో కనిపించవు గానీ, గ్రహణం నాడు బింబం తరిగిపోవడం చక్కగా కనిపిస్తుంది.

నెల్లూరు నుంచి:

పెద్దలకు ముందు ఫిల్టర్ బిగించిన రెండు టెలిస్కోప్‌లు, ఒక్కొక్కదానికి ఒక కాపలా మనిషి, పిల్లలకు సూదిబెజ్జం అట్టలు అన్న ఏర్పాటుకు మావాళ్లు ఒప్పుకున్నారు. గాలి ఎక్కువైతే టెలిస్కోప్‌లను వెంటనే దించేస్తాము.