నాన్న చేతికర్ర నడవడానికా, కుక్కలకా? రెండింటికీ ఒకటే కొంటే తప్పా?

మదనపల్లె అమ్మాయి:
మేం బెంగళూరులో రామమూర్తి నగర్ వైపు ఉంటాం. నాన్నకి 71. కుడి మోకాలు అరిగింది, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటారు. డాక్టరు చేతికర్ర వాడమన్నారు. నాన్న ససేమిరా అన్నారు. "కర్ర పట్టుకుంటే కాలనీ అంతా పరామర్శకి వస్తుంది, నేనేమన్నా మంచాన పడ్డానా?" అని. పొద్దున అయిదున్నర వాకింగ్ మాత్రం మానరు. మా వీధి చివర ఖాళీ సైటు ఉంది, దాని నిండా చెత్త, దాని మీద ఆరేడు కుక్కలు. పోయిన వారం ఒకటి పంచె పట్టి లాగింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆయనే అన్నారు, "కుక్కల కోసమైతే ఒక మంచి కర్ర తెచ్చిపెట్టు."

మా బావ అల్యూమినియం మడత కర్ర కొనమంటున్నాడు. చిన్నాన్న ఊరి నుంచి టేకు దుడ్డుకర్ర పంపిస్తానంటున్నాడు, కింద కొసకి ఇనప పొన్ను, అదే ఇనప తొడుగు, వేయించి మరీ. రెండూ తెస్తే ఒకటి మూలన పడుంటుంది, పడేది ఏదో నాకు తెలుసు. రెండు పనులకీ పనికొచ్చే కర్ర ఒకటే ఉందా? వాడినవాళ్ళు చెప్పండి.

రాయుడు తాత:
చిన్నాన్న మాటే విను తల్లీ. నాకు నీ తండ్రి కన్నా నాలుగేళ్ళు ఎక్కువ. పద్నాలుగేళ్ళుగా మగ వెదురు కర్రతోనే నడుస్తున్నా. మామూలు వెదురు లోపల డొల్ల. మగ వెదురు నిండుగా ఉంటుంది, పోలీసు లాఠీలు చేసింది దాంతోనే. కుక్కని కొట్టనక్కర్లేదు. పొన్నుతో రోడ్డు మీద టంగుమని ఒక్కటి కొడితే అవే పక్కకి తప్పుకుంటాయి. కర్ర గలవాడిదే బర్రె అని ఊరికే అన్నారా? అల్యూమినియం గొట్టం చూస్తే కుక్కకి కూడా నవ్వొస్తుంది.

బ్యాచిలర్ మారతహళ్ళి:
తాతగారికి వంద లైకులు.

ఫిజియో అక్క:
రాయుడు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, మీ సలహాతో వచ్చేవాళ్ళని వారానికి ఒకరినైనా చూస్తుంటాను. మట్టి నేల మీద ఇనప పొన్ను దిగి పట్టుకుంటుంది. టైల్స్ మీద, మార్బుల్ మీద, తడిసిన బండ మీద జారిపోతుంది. ఈ ఊళ్ళో అపార్ట్‌మెంట్ లాబీ, గుడి, మెట్రో స్టేషన్, ఎక్కడ చూసినా నున్నటి నేలే. కింద రబ్బరు బుష్ తప్పనిసరి. దాని అడుగున గీతలు అరిగి నున్నబడితే వెంటనే మార్చాలి. చాలా అల్యూమినియం కర్రలకి 19 మిల్లీమీటర్ల బుష్ సరిపోతుంది, మెడికల్ షాపుల్లో విడిగా దొరుకుతుంది.

ఇక అసలు విషయం. ఆయనకి కర్ర ఎందుకు? అరిగిన మోకాలి మీద పడే బరువులో కొంత చేతి మీదకి తీసుకోవడానికి. అంటే ఆయన ఆ కర్ర మీద నిలబడి ఉంటారు. ఏ క్షణంలో దాన్ని కుక్క మీదకి ఎత్తారో ఆ క్షణంలో ఆయనకి ఊతం లేదు. పైగా విసిరే చేతి ఊపుకి ఒళ్ళు తిరుగుతుంది, ఆ తిరగడం మోకాలికి అస్సలు పడదు. కుక్క కాటుకి సూది మందు ఉంది. 71లో తుంటి విరిగితే ఆపరేషన్, నెలల తరబడి మంచం. నా లెక్కలో రెండింటికీ ఒకటే కర్ర అనేది లేదు.

రాయుడు తాత:
ఏమ్మా, నేను పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ పడలేదే?

ఫిజియో అక్క:
మీ మోకాళ్ళు బాగున్నాయి కాబట్టి తాతగారూ. మీ కర్ర ఎంత ఎత్తుంటుంది?

రాయుడు తాత:
భుజం దాకా.

ఫిజియో అక్క:
అదే కదా. అది ఊతకర్ర కాదు, తోడు కర్ర. గట్ల మీద, వాలులో తూలకుండా ఉండడానికి బాగుంటుంది. మోకాలి బరువు దించాలంటే అరచేయి పైనుంచి నొక్కాలి, భుజం దాకా ఉన్న కర్రని అలా నొక్కలేరు. మదనపల్లె అమ్మాయీ, కొలత ఇలా తీసుకో. నాన్నని రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబెట్టు, చేతులు వదిలేయమను. కర్రని తలకిందులు చేసి పిడిని నేలకి ఆనించు. మణికట్టు మడత దగ్గర గీత పెట్టు, రబ్బరు బుష్ మందం తీసేసి కోయించు. పట్టుకుంటే మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. ఉజ్జాయింపుగా ఎత్తులో సగం, పైన అర అంగుళం. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి ముప్పై మూడున్నర అంగుళాలన్నమాట. పొడవెక్కువైతే భుజం లేస్తుంది, పొట్టిదైతే నడుం వంగుతుంది.

బాపూజీనగర్ బార్టిట్సు:
అందరూ కర్రని తక్కువ అంచనా వేస్తున్నారు. బార్టన్ రైట్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు 1899 ప్రాంతంలో లండన్‌లో బార్టిట్సు అని ఒక ఆత్మరక్షణ విద్య మొదలుపెట్టాడు. జుజుత్సు, బాక్సింగ్, వాటితో పాటు చేతికర్ర సాము. పెద్దమనుషులు రోజూ చేత్తో పట్టుకు తిరిగే కర్రనే ఆయుధం చేశాడు. పక్కన తమిళనాడులో సిలంబం ఉంది, మనకి కర్రసాము ఉంది. అంకుల్‌కి నాలుగు దెబ్బలు నేర్పిస్తే సరి. మణికట్టు మీద, మోకాలి చిప్ప మీద. బరువైన గుండు పిడి ఉన్న కర్ర కొనండి.

కోరమంగళ కోడలు:
మోకాలి చిప్ప అరిగినాయన ఇంకొకరి మోకాలి చిప్ప మీద కొట్టాలా? బాగుంది.

ఫిజియో అక్క:
సిలంబం కర్ర దాదాపు మనిషి నుదురంత ఎత్తు, రెండు చేతులా తిప్పేది. దానికీ దీనికీ కర్ర అనే పేరు తప్ప పోలిక లేదు. పైగా గుండు పిడి మీద గంటసేపు బరువు వేసి నడిచి చూడండి, అరచేయి మధ్యలో నొప్పి తెలుస్తుంది. వేళ్ళ కీళ్ళ నొప్పులు కూడా ఉంటే అరచెయ్యంతా పరుచుకునే వెడల్పాటి పిడి మంచిది.

సివిల్ కోర్టు శీను:
దొంగల సంగతి కూడా వచ్చేట్టుంది కాబట్టి ముందే చెప్తున్నా. చేతికర్ర పట్టుకు తిరగడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఆత్మరక్షణ హక్కు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉండేది. హక్కుకి హద్దు 37లో ఉంది: కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే. దొంగ పారిపోతుంటే వెనక నుంచి తల మీద కొడితే అది రక్షణ కాదు, కేసు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టు ఉండాలి. ఆన్‌లైన్‌లో లోపల కత్తి దాచిన కర్రలు కనిపిస్తుంటాయి, వాటి జోలికి వెళ్ళొద్దు, అవి ఆయుధాల చట్టం కింద కత్తుల లెక్కలోకి వస్తాయి.

గొలుసు దొంగలు బైకు మీద వెనక నుంచి వస్తారు. కర్ర ఎత్తే టైమే ఉండదు. అరవడం, బండి నంబరు చూడడం, అంతే.

తోకల నేస్తం:
నేను రోజూ రాత్రి కుక్కలకి అన్నం పెట్టేవాడిని, తిట్టాలంటే తిట్టుకోండి. మన వీధి కుక్క తరతరాలుగా రెండు సైగలు నేర్చుకుంది. ఒకటి మనిషి రాయి కోసం వంగడం, రెండోది కర్ర పైకెత్తడం. మొదటిది చూస్తే చాలావరకు దూరం జరుగుతుంది. రెండోదానికి ఒంటరి కుక్క పరిగెడుతుంది గానీ గుంపు రెచ్చిపోతుంది. కర్రని గాల్లో తిప్పకుండా, ముందుకి కిందికి చాచి అడ్డంగా పట్టుకుంటే చాలు. కుక్క కరిస్తే కర్రనే కరుస్తుంది. కళ్ళలోకి చూడొద్దు, వీపు తిప్పొద్దు, పరిగెత్తొద్దు, మెల్లగా పక్కకి జరగాలి. చెవి కొన కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు. మీ ఆరేడింటిలో అలాంటివి ఎన్నున్నాయో చూసి, లేకపోతే కార్పొరేషన్‌కి ఫిర్యాదు పెట్టండి. అసలు ఆ చెత్త తీయిస్తే సగం గొడవ పోతుంది.

మదనపల్లె అమ్మాయి:
వంగడం ఎలా అండీ, ఆయన చెప్పులు వేసుకోవడానికే కుర్చీ కావాలి.

తోకల నేస్తం:
అవును, అది ఆలోచించలేదు. సారీ. ఒకవేళ పన్ను దిగితే మాత్రం పసుపూ కారం పూయకుండా సబ్బు పెట్టి ధారగా నీళ్ళ కింద పావుగంట కడగండి, అదే రోజు టీకాకి వెళ్ళండి. గీరుకున్నా అంతే.

చిక్‌పేట సుబ్బన్న:
చెక్క పని చేసే ఇంట్లో పుట్టాను కాబట్టి కర్ర గురించే మాట్లాడతా. టేకు కర్ర అని మీ చిన్నాన్న పంపేది ఎలాంటిదో చూడాలి. రంపంతో పలక కోసి చిత్రిక పట్టిందైతే చెక్క చార చివరి నుంచి చివరి దాకా నిలువుగా ఉందేమో గమనించండి. చార ఏటవాలుగా పక్కకి వెళ్ళిపోతే ఆ చోటే ఒకరోజు విరుగుతుంది. కొమ్మని కొమ్మగానే ఎండబెట్టి చేసిన కర్ర అంత సులువుగా విరగదు. పేము కర్ర, అదే మన స్కూలు బెత్తం జాతి, లావుగా దొరికితే చాలా మంచిది. లోపల గుల్ల ఉండదు, విరిగే ముందు వంగి హెచ్చరిస్తుంది. అంగడిలో నగిషీ పనితో మెరిసే నల్ల కర్రలు ఎక్కువ భాగం రెండు మూడు ముక్కలు మరలతో బిగించినవి, లేదా పిడిని చిన్న మేకుతో, జిగురుతో అంటించినవి. షోకేసులో బాగుంటాయి. కొనేముందు పిడి పట్టుకుని మెలిపెట్టి చూడండి, కిర్రుమంటే వదిలేయండి.

ఎవరూ చెప్పనిది ఇంకొకటి. దేన్నైనా గట్టిగా కొట్టిన కర్ర మీద మళ్ళీ ఒళ్ళు ఆనించకూడదు. అల్యూమినియం గొట్టం ఎత్తు సర్దుకునే చిల్లుల దగ్గర నొక్కుకుంటుంది, చెక్కకి లోపల చీలిక పడుతుంది. ఆ రోజు తెలియదు. నాలుగు రోజుల తర్వాత మెట్ల మీద తెలుస్తుంది. కాబట్టి ఫిజియో అక్క మాట నిజమే, కొట్టే కర్ర వేరు, ఆనే కర్ర వేరు.

హెచ్‌ఎస్‌ఆర్ బావ:
నాలుగు కాళ్ళ కర్ర కొనండి, దానంతట అది నిలబడుతుంది.

ఫిజియో అక్క:
ఇంట్లోకి సరే. మన ఫుట్‌పాత్ మీద కాదు. నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనాలి, డ్రైనేజీ మీది బండలు ఒకటి లేచి ఒకటి దిగి ఉంటాయి. మూడు ఆని ఒకటి గాల్లో ఉంటే ఆ కర్రే తోసేస్తుంది.

కోరమంగళ కోడలు:
ఇందాకటి నుంచి చదువుతున్నా. అందరూ మోకాలి గురించీ కుక్క గురించీ మాట్లాడుతున్నారు, ఆ పెద్దాయన గురించి కాదు. మా మామగారికి మూడేళ్ళ క్రితం వెయ్యి రూపాయల మంచి కర్ర కొన్నాం, కొలతలన్నీ సరిగ్గా. తలుపు వెనక తగిలించి ఉండేది. కర్ర లేకుండా వెళ్ళి కాలవ బండ తగిలి పడ్డారు. ఆ కర్ర మెడికల్ షాపులో కొన్నది, రోగి కర్రలా ఉంది, ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఇక్కడ మదనపల్లె వాళ్ళ నాన్న తనంతట తాను కర్ర అడిగారు. కుక్కల కోసమనే అడగనీ. రెండు పనుల కర్ర లేదని అక్క అంటోంది, నిజమే కావచ్చు. కానీ కుక్కల పేరు లేకపోతే ఆ ఇంట్లో అసలు కర్రే లేదు.

ఫిజియో అక్క:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా క్లినిక్‌కి వచ్చే మగవాళ్ళలో చాలామంది కర్రని కారులో వదిలేసి లోపలికి కుంటుతూ వస్తారు.

సరే, అయితే నా షరతులు. చూడటానికి ఊరి కర్రలా ఉండనీ, కొలత మాత్రం మణికట్టు దాకానే. వంపు పిడి అయితే ముంజేతికి తగిలించుకోవచ్చు, కూరగాయలు కొనేటప్పుడు సుఖం. కింద రబ్బరు. కుక్క వస్తే కర్ర ఎత్తకూడదు, నేలకి ఆనించే ఉంచి తనకీ దానికీ మధ్యకి జరపాలి. నొప్పి కుడి మోకాలు కాబట్టి కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడి కాలూ కర్రా కలిసి ముందుకి పడాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు, కర్ర ముందు.

రాయుడు తాత:
రబ్బరు వేస్తే టంగుమనదు.

చిక్‌పేట సుబ్బన్న:
తాతా, పొన్ను పైన రబ్బరు తొడిగితే సరి. గుడికెళ్ళేటప్పుడు తొడుక్కోండి, పొలానికెళ్ళేటప్పుడు తీసేయండి.

రాయుడు తాత:
ఈ ఊళ్ళో నాకు పొలమెక్కడిది నాయనా. ఒక రబ్బరు ఎంతవుతుంది?

బాపూజీనగర్ బార్టిట్సు:
గుండు పిడి గురించి నా మాట వెనక్కి తీసుకోవట్లేదు.

మదనపల్లె అమ్మాయి (మూడు వారాల తర్వాత):
చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నా. చిన్నాన్న టేకు పంపలేదు, సుబ్బన్న గారు చెప్పినట్టు లావు పేము కర్ర, వంపు పిడిది దొరికింది. తలకిందులు పెట్టి కొలిచి కోయించాం. రబ్బరు వేయించాం. నాన్న దాన్ని కుక్కల కర్ర అంటారు. వీధిలో ఎవరైనా అడిగితే, "ఆ సైటు కుక్కలున్నాయి చూశారా..." అని మొదలుపెట్టి పది నిమిషాలు చెప్తారు. మోకాలి ఊసు రాదు. ఖాళీ సైటు గురించి ఫిర్యాదు పెట్టాం, ఒకసారి లారీ వచ్చి వెళ్ళింది, మళ్ళీ చెత్త మామూలే.

ఒక్కటే పేచీ. కర్ర కుడి చేత్తోనే పట్టుకుంటున్నారు. ఫిజియో అక్క చెప్పింది చదివి వినిపిస్తే, "ఎడం చేత్తో కుక్కని అదిలించేవాడు ఎవడమ్మా?" అన్నారు.

ఫిజియో అక్క:
ఇదిగో, దీని గురించే మొదటి రోజు నుంచి మొత్తుకుంటున్నా.

మదనపల్లె అమ్మాయి:
రాజీ కుదిరిందక్కా. ఇంటి నుంచి పాల బూత్ దాకా ఎడమ చేయి. సైటు వచ్చాక కుడి చేయి. అది దాటాక మళ్ళీ ఎడమ చేతికి మారుస్తారా అంటే, మొన్న వెనకే వెళ్ళి చూశాను, నాలుగు రోజుల్లో రెండు రోజులు మార్చారు.