చచ్చిన రక్తపింజర పొట్టలో బతికున్న పిల్లలు. మింగిందా, కన్నదా?

దివిసీమ_రైతుబిడ్డ

అందరికీ నమస్కారం. మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. మొన్న ఆదివారం మా చేలో జరిగింది చెప్తాను, తెలిసినవాళ్లు కాస్త తేల్చండి. ఇంట్లో రెండు రోజులుగా అన్నం దగ్గర కూడా ఇదే గొడవ.

నాట్లకు ముందు గట్లు చెక్కిస్తున్నాం. నలుగురు కూలీలు, నేను, మా బాబాయి. బోదె పక్కన తుంగ నడుమెత్తు పెరిగిపోయింది. దాంట్లో పార వేయబోయినవాడు ఎత్తిన పార ఎత్తినట్టే ఆగిపోయాడు. కుక్కరు కూత పెట్టినట్టు బుస! రక్తపింజర. నా మణికట్టుకంటే లావు, నాలుగడుగులకు తక్కువుండదు. చంపొద్దు అనేలోపే పక్కనున్నతను పారతో నడుం మీద ఒక్క పోటు పొడిచాడు.

తెగిన చోట బయటికొచ్చినవి పేగులనుకున్నాం. కాసేపటికి అవి కదిలాయి. ఉల్లిపొరలాంటి పలచటి పొర, అందులో చుట్ట చుట్టుకున్న పిల్ల. ఒంటినిండా తల్లికున్న గొలుసు మచ్చలే, అచ్చు గుద్దినట్టు. జానెడు పొడుగు. మా కళ్ల ముందే ఒకటి మూతితో పొర చీల్చుకుని తల బయటపెట్టి నాలుక ఆడించింది. మొత్తం పంతొమ్మిది లెక్కపెట్టాం. పారదెబ్బకు కొన్ని పోయాయి. ఒకటి మాత్రం మేం చూస్తుండగానే తుంగలోకి జారిపోయింది. మిగతావాటి సంగతి చెప్పడం నాకిష్టం లేదు.

ఇక వాదాలు. బాబాయి మాట: "పాము గుడ్లు పెడుతుందిరా. గడ్డివామి కింద నాగుపాము గుడ్లు నా చేత్తో తీశాను. ఇది మనల్ని చూసి బెదిరి పిల్లల్ని మింగి దాచుకుంది." అమ్మ మాట: ఇది తేలులాంటిది, పిల్లలు కడుపు చీల్చుకుని వస్తాయి, తల్లి ఎలాగూ చచ్చేదే. కూలీల్లో పెద్దాయన మాట ఇంకోటి: నీళ్లు నిలిచే నేల కదా, గుడ్డు బయట పెడితే కుళ్లిపోతుందని కడుపులోనే పొదుగుతుందట. నాకైతే ఈ మూడోదే నచ్చింది.

ఏది నిజం? ఇంకోటి, అంత చిన్నవాటికి కూడా విషం ఉంటుందా? ఒక కుర్రాడు తోక పట్టుకుని ఎత్తబోయాడు, చెయ్యి మీద కొట్టి ఆపాను.

రిటైర్డు_జువాలజీ

ముందు రెండో ప్రశ్న. ఉంటుంది బాబూ. పుట్టిన క్షణం నుంచే కోరలూ ఉంటాయి, విషమూ ఉంటుంది. కుర్రాణ్ణి మీరు కొట్టిన దెబ్బ మంచి దెబ్బ. తెగిన తల్లి తల కూడా కొంతసేపటిదాకా కాటు వేయగలదు, దాన్ని కాలితో నెట్టడం లాంటివి చేయకండి.

ఇక మీ బాబాయిగారు. ఆయన చూసింది అబద్ధం కాదు. నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు, నీరుకట్టె అన్నీ గుడ్లు పెట్టేవే. ఆయన పొరపాటల్లా పాములన్నిటినీ ఒకే గాటన కట్టడం. రక్తపింజర గుడ్డు పెట్టదు, పిల్లల్నే కంటుంది. చిన్నపింజర, పసిరిక పాము, రెండు తలల పాము అని జనం పిలిచే ఎర్ర మన్నుపాము కూడా అంతే.

మింగిన పిల్లలా, కడుపులోవా అనేది కోసి చూస్తే దాగదు. మింగింది జీర్ణాశయంలో ఉంటుంది. అక్కడ చేరిన కప్పయినా పాముపిల్లయినా గాలాడక చస్తుంది, ఆమ్లానికి కరుగుతుంది. పొర చీల్చుకుని నాలుక ఆడించదు. మీరు చూసినవి అండవాహికల్లోవి, అంటే గుడ్లు దిగే గొట్టాల్లోవి. పాముకు అవి రెండు. ఒళ్లు సన్నం కాబట్టి రెండూ సరిగ్గా పక్కపక్కన కాకుండా కుడిది కాస్త ముందుకీ ఎడమది వెనక్కీ ఉంటాయి. వాటిలో పిల్లలు సంచిలో బత్తాయిల్లాగా ఒకదాని వెనక ఒకటి సర్దుకుంటాయి. ఇంకో గుర్తు, పిల్ల పొట్ట అడుగున మలద్వారానికి కొంచెం ముందు సన్నటి చీలికలాంటి మచ్చ ఉంటుంది. అదే దాని బొడ్డు. మింగిన పిల్లకు అంత పచ్చి బొడ్డు ఎక్కడిది?

అమ్మగారికి కూడా చెప్పండి, తల్లి చావదు. పిల్లలు వచ్చే దారి వాటికుంది, ఒక్కొక్కటే బయటపడతాయి. తేలు విషయంలోనూ ఆ మాట తప్పే. తేలు పిల్లల్ని కని వీపు మీద మోస్తుంది. వీపు మీద కుప్పగా కనిపించేసరికి వీపు పగిలి వచ్చాయనుకున్నారు మనవాళ్లు.

నేను ముప్పై ఏళ్లు బోర్డు మీద అండోత్పాదకాలు (గుడ్లు పెట్టేవి), శిశూత్పాదకాలు (పిల్లల్ని కనేవి), అండశిశూత్పాదకాలు అని మూడు గళ్లు గీసి పాఠం చెప్పాను. పిల్లల్ని కనే పాముల్ని మూడో గడిలో వేసేవాళ్లం: గుడ్డు లోపలే పొదిగి పిల్ల బయటికొస్తుంది, తల్లి నుంచి ఏమీ అందదు అని. పరీక్షలో ఆ ముక్కకు మార్కులు కూడా వేశాను. ఇప్పుడు ఆ గీత అంత గట్టిగా నిలబడదు. లోపలి గుడ్డుకు పెంకు ఉండదు. పెంకు పోయాక పిల్ల చుట్టూ ఉన్న పొర అండవాహిక గోడకు ఆనుకుంటుంది. దాని గుండానే తల్లి నెత్తురు నుంచి ప్రాణవాయువూ నీళ్లూ అందుతాయి. అంటే పలచటిదే అయినా, కాన్పులో బిడ్డ వెనక పడే మాయలాంటిదే అది కూడా. తిండి మాత్రం చాలావరకు పచ్చసొనదే. అన్నిటిలోనూ ఇలాగే కాదు. దక్షిణ అమెరికాలో మన నలికిరి బంధువులు కొన్ని ఉన్నాయి, వాటి గుడ్డు ఆవగింజంతే. పిల్ల పెరగడానికి కావలసిందంతా దాదాపు తల్లే మాయ ద్వారా ఇస్తుంది.

మీ కూలీ పెద్దాయనకు నా నమస్కారం చెప్పండి. ఆయనన్న కారణం పింజరకు సరిపోతుందో లేదో గానీ, సముద్రపు పాములకు చక్కగా సరిపోతుంది. అవి నీళ్లలోనే కంటాయి, ఒడ్డెక్కే పనే లేదు. గుడ్లు పెట్టే సముద్రపు కట్లపాములు మాత్రం అందుకోసం ఒడ్డుకు రాక తప్పదు. పింజరల విషయంలో ఎక్కువమంది చెప్పే కారణం చలి. చల్లని చోట మట్టిలో పెట్టిన గుడ్డు పొదగదు. అదే కడుపులో ఉంటే తల్లి ఎండకు వెళ్లి కాచుకుంటుంది, పిల్లకూ వెచ్చన. ఐరోపాలో ఒక పింజర ఆర్కిటిక్ వలయం అవతల కూడా బతుకుతోంది, అది కనేది పిల్లల్నే. దివిసీమలో చలెక్కడిది అంటారేమో. తాతలనాటి అలవాటు మనవలకు వస్తుంది కదా, అవసరం తీరినా.

ఇది ఒక్కసారి పుట్టిన పద్ధతి కూడా కాదు. పాములు, బల్లుల వంశాల్లో వందసార్లకు పైగా విడివిడిగా పుట్టిందని లెక్క. మొసళ్లలో, తాబేళ్లలో ఒక్కటంటే ఒక్కటీ లేదు.

ఒక పక్క మాట. రక్తపింజరను ఇంగ్లీషులో రసెల్స్ వైపర్ అంటారు, ఆ రసెల్ పేరు ఎలా వచ్చిందో మనకు తెలిసుండాలి. పాట్రిక్ రసెల్ ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా మన తీరంలో పనిచేశాడు. విశాఖపట్నంలో ఉన్నాడు. ఊళ్లవాళ్లు తెచ్చిచ్చిన పాముల్ని బొమ్మలు వేయించి, వాళ్లు చెప్పిన పేర్లతోనే 1796లో అచ్చు వేయించాడు. ఈ పాముకు ఆయన రాసుకున్న పేరు "కాటుకరేకుల పొడ". ఒక్కో మచ్చ చుట్టూ నల్లటి అంచు చూడండి, కాటుక దిద్దిన రేకే. మరుసటి ఏడు శాస్త్రీయ నామంలో రసెల్ పేరు చేరింది. ఆ పేరు చెప్పిన తెలుగువాడెవరో ఎక్కడా లేదు.

ఘట్‌కేసర్_స్నేక్ అన్న

సారు మంచిగ చెప్పిండు. నేను కండ్లార చూసింది చెప్త. మా దిక్కు దీన్ని రక్తపెంజర అంటం.

రెండేండ్ల కింద జూన్‌ల ఒక వెంచర్ కాడ నుంచి ఫోనొచ్చింది. ఇసుక కుప్ప పక్కన పెద్దది, కదులుతలేదు. పట్టిన. బరువు చూస్తె నాకే అనుమానమొచ్చింది, నడుమ నుంచి వెనకదాక ఉబ్బి ఉన్నది, తోక మాత్రం సన్నగ. ఏదో మింగినట్టయితె ఒక్క కాడ గడ్డలెక్క ఉంటది, ఇది అట్ల లేదు. రాత్రయింది, ఫారెస్టోళ్లు పొద్దుగాల రమ్మన్నరు. గాలి రంధ్రాలున్న నీలం డ్రమ్ముల పెట్టి మూత బిగించిన.

తెల్లారి మూత తీయకముందే లోపల నుంచి సప్పుడు. తల్లి బుస నాకెరికే, ఇది వేరే తీరు, సన్నగ, శానా నోళ్లు ఒక్కసారి బుసకొట్టినట్టు. టార్చి వేసి రంధ్రంల నుంచి చూసిన. డ్రమ్ము అడుగంత పిల్లలు! కొన్ని ఇంకా పొరలనే ఉన్నయి. ఒకటి నా ముందే పొర చింపుకొని వచ్చి, నోరు పెద్దగ తెరిచి గాలి పీల్చుకున్నది. ఆ తర్వాత పక్కదాని మీదికి పాకి దాన్నే కాటేయ చూసింది. పుట్టి నిమిషం గాలే!

పొడుగు పట్కారుతో ఒక్కొక్కటి తీసి లెక్కవెట్టిన, ఇరవై ఎనిమిది. ఇంకో రెండు పసుపుపచ్చ గడ్డలు, పిల్ల కాని గుడ్లన్నట్టు. తల్లి సన్నగ అయిపోయింది, చర్మం మడతలు పడ్డది. పిల్లల్ని చూడనన్న చూడలే. పాలియ్యదు, కావలుండదు, కన్నదా అయిపాయె, ఎవని దారి వానిది. కోడి నయం.

ఫారెస్టోళ్లతోని కలిసి అన్నిట్ని ఒకే కాడ గాకుండ అడవిల దూరం దూరం విడిచినం. పిల్లలు మొదటి కుబుసం తొందరగనే విడుస్తయి.

రైతు అన్నా, నీకు గావలసిన ముచ్చట ఇది. జూన్, జూలైల ఎక్కువ కంటయి. మీకు నాట్లు, మాకు పత్తి, సరిగ్గ అదే టైమ్. తుంగలకు పోయింది ఒక్కటే అనుకోకు. మోకాళ్లదాక బూట్లేస్కో, పారతో గడ్డి కదిలిచ్చినంకనే చెయ్యి పెట్టు. కరిస్తె కొయ్యకు, కట్టకు, మంత్రగాని కాడికి పోకు. చిన్నది కదా ఏమైతది అని ఇంట్ల కూసోవద్దు. పిల్ల కరిచినా పెద్దది కరిచినా మందు ఒకటే, విషానికి విరుగుడు సూది, అది దవాఖానలనే ఉంటది.

సిడ్నీలో_కాకరపాదు

తమ్ముడూ, పాముల సంగతి నాకు తెలీదుగానీ ఇక్కడ మా పెరట్లో నీలి నాలుక బల్లి ఉంది. అడుగున్నర ఉంటుంది, నోరు తెరిస్తే నాలుక సిరా తాగినట్టు నీలం. కాకరపాదు కింద నత్తల్ని తింటుందని నేనేమీ అనను. మొన్న జనవరిలో పాదు దగ్గర వేలెడేసి పిల్లలు ఏడు కనిపించాయి. గుడ్డు పెంకులేవని చెట్ల కిందంతా వెతికాను! పక్కింటావిడ నవ్వి, ఇది పిల్లల్నే కంటుంది, పుట్టగానే తమను చుట్టి ఉన్న పొరని అవే తినేస్తాయి అంది.

ఆ తర్వాత చదివిందే అసలు వింత. ఇక్కడే కాళ్లకు మూడేసి వేళ్లుండే చిన్న నలికిరి ఒకటుంది. ఎరువు కుప్పల్లో దొరుకుతుంది. సిడ్నీ చుట్టుపక్కల ఉన్నవి గుడ్లు పెడతాయి, ఉత్తరాన చల్లటి కొండల మీద ఉన్నవి పిల్లల్ని కంటాయి. జాతి ఒకటే! మాస్టారు చెప్పిన చలి సంగతి చదవగానే ఇదే గుర్తొచ్చింది. 2019లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు ఇంకోటి చూశారు. ఒక ఆడది మూడు గుడ్లు పెట్టింది, కొన్ని వారాల తర్వాత అదే కాన్పులో ఒక పిల్లను కన్నది. మీ బాబాయిగారికి ఇది మాత్రం చెప్పకండి, మళ్లీ మొదటికొస్తారు.

గోదారిగట్టు

రెండు తలల పాము పేరొచ్చింది కాబట్టి ఒక మాట. దానికి ఉన్నది ఒకటే తల, తోక మొద్దుగా ఉంటుందంతే. లక్షలు పలుకుతుందని ఎవడైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. మా ఊళ్లో ఒకాయన అడ్వాన్సు కట్టి మోసపోయాడు, పైగా కేసు. పిల్లలతో ఉన్న ఆడదాన్ని గోనెసంచిలో తిప్పి తిప్పి చంపేశారు.

దివిసీమ_రైతుబిడ్డ

మాస్టారూ, అన్నా, అక్కా, అందరికీ దండాలు.

బొడ్డు మచ్చ చూద్దామంటే మిగల్లేదు, ఆ సాయంత్రమే కిరసనాయిలు పోసి తగలబెట్టేశారు. కానీ ఫోన్లో తీసిన ఫొటో ఒకటుంది. పెద్దది చేసి చూస్తే వెల్లకిలా పడ్డ పిల్ల పొట్ట మీద తోక వైపున గీత కనిపిస్తోంది, దాన్నుంచి దారప్పోగులాంటిది వేలాడుతోంది. అమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, "పురిటిది రా, పాపం" అని ఫోన్ తిరిగిచ్చేసింది.

బాబాయికి మొత్తం చదివి వినిపించాను. కాటుకరేకుల పొడ అనగానే, చిన్నప్పుడు మా ముత్తవ్వ పొడపాము అనేదని ఆయనకే గుర్తొచ్చింది. మింగడం సంగతి మాత్రం ఒప్పుకోలేదు, "నాగుపాము అయితే మింగుతుంది" అని జాతి మార్చాడు. అక్క చెప్పిన బల్లి సంగతి దాచాను.

పెద్దాయనకు మీ నమస్కారం అందించాను మాస్టారూ. సముద్రపు పాము సంగతి ఆయనకు ముందే తెలుసట. నాగాయలంకలో చుట్టాలు వేటకెళ్తారు, వల్లో పడ్డ ఆడదాన్ని విదిలిస్తే పడవలోనే పిల్లలు పడ్డాయని వాళ్లు చెప్పారట. మరి ఆ రోజు గట్టు మీద ఎందుకు చెప్పలేదంటే, "మీ బాబాయి మాట్లాడనిస్తేగా" అన్నాడు.

గట్టు పని ఇంకా సగం ఉంది. ఇవాళ పొద్దున అవనిగడ్డ వెళ్లి నాలుగు జతల బూట్లు తెచ్చాను. బాబాయి వసారాలో కూర్చుని వాటివంక చూడనట్టే చూసి, కాసేపాగి, "నాకు ఎనిమిదో నంబరు" అన్నాడు. సాయంత్రం మళ్లీ వెళ్లాలి.