'కాఫ్కా' సినిమా చూపించే ముందు ఎంతవరకు చెప్పాలి?

ఒంగోలులో మేము కొందరు సాహిత్య మిత్రులము అప్పుడప్పుడు కలిసి ఒక సినిమా చూసి చర్చించుకుంటాము. ఈసారి స్టీవెన్ సోడర్‌బర్గ్ దర్శకత్వంలో 1991లో వచ్చిన, రచయిత ఫ్రాంజ్ కాఫ్కానే కథానాయకుడిగా మలిచిన 'కాఫ్కా'ను పరిచయం చేసే బాధ్యత నా మీద పడింది.

1919 నాటి ప్రాగ్ నగరంలో, పగలు బీమా కార్యాలయంలో పనిచేస్తూ రాత్రులు కథలు రాసుకునే కాఫ్కా (జెరెమీ ఐరన్స్) తోటి ఉద్యోగి మరణం వెనుక మర్మం వెతుకుతూ కోటలోకి ప్రవేశిస్తాడు. అంతవరకు నలుపు తెలుపుల్లో నడిచిన చిత్రం అక్కడ రంగుల్లోకి మారుతుంది. ఆ ఘట్టం అద్భుతమని నా అభిప్రాయం.

చిక్కల్లా ఎక్కడ జీవితం ఆగి ఎక్కడ కల్పన మొదలవుతుందో వివరించడంలోనే ఉంది. బీమా ఉద్యోగం, క్షయ, తండ్రికి 1919లో రాసిన సుదీర్ఘమైన ఉత్తరం నిజమైనవి. కోట, వెంట అంటిపెట్టుకుని తిరిగే ఇద్దరు సహాయకులు కాఫ్కా రాసిన 'ది కాజిల్' నవలలోనివి. హత్యా పరిశోధన మాత్రం చిత్ర రచయిత అల్లినది. మా సభ్యులలో చాలామంది కాఫ్కాను చదవలేదు, పైగా కథ ముందే చెబితే అలిగి లేచిపోయేవారూ ఉన్నారు.

కనుక ఈ తేడాలను ముందుగా చెప్పడం మేలా, చూసిన తరువాతా? నవలలు చదివించే వ్యవధి లేదు కాబట్టి, ఒక్క పూటలో చదవదగిన ఆయన కథ ఏది సూచిస్తారు? దానికి మంచి తెలుగు అనువాదం ఎక్కడ దొరుకుతుందో, ఈ చిత్రానికి తెలుగు ఉపశీర్షికలు ఎవరైనా తయారుచేశారో కూడా తెలిసినవారు దయచేసి తెలుపగలరు.