6 వోల్ట్ సైరన్ సౌండ్ పెంచడం ఎలా?

గుంటూరు దగ్గర మా మిర్చి కల్లంలో దొంగల కోసం యూఎం3561 ఐసీతో (సైరన్ మోత పుట్టించే చిప్) సైరన్ కట్టా, జెనర్‌తో (వోల్టేజీని ఒక హద్దులో ఉంచే డయోడ్) ఐసీకి 3 వోల్ట్‌లు, తర్వాత సౌండ్ పెంచడానికి బీసీ547 అనే చిన్న ట్రాన్సిస్టర్, 8 ఓమ్స్ చిన్న స్పీకరు, బ్యాటరీ 6 వోల్ట్. సౌండేమో దోమ గీపెట్టినట్టుంది. ఏం మార్చాలన్నా?

జవాబు 1: తమ్ముడూ, బీసీ547 మోసేది 100 మిల్లీ ఆంప్సే, నీ స్పీకరు 6 వోల్ట్ మీద 750 మిల్లీ ఆంప్స్ లాగాలని చూస్తది, ఇంక సౌండెక్కడిది! దాని బదులు టిప్122 అనే పెద్ద ట్రాన్సిస్టర్ పెట్టు, దాని బేస్‌ కాలికి (ఐసీ సిగ్నల్ అందేది) 1 కే (వెయ్యి ఓమ్స్) రెసిస్టరు, వేడి లాగడానికి కొంచెం హీట్‌సింక్ రేకు. ఐసీకి మాత్రం 3 వోల్ట్ దాటించకు, పోద్ది.

జవాబు 2: అయినా ఒక్క ట్రాన్సిస్టర్‌తో 6 వోల్ట్ మీద లెక్కకి 1 వాట్‌కి కాస్త ఎక్కువ, అంతే. బ్రిడ్జ్ (స్పీకరు రెండు కొసల్నీ ట్రాన్సిస్టర్లతో ఎదురెదురుగా నడిపే పద్ధతి) కడితే స్పీకరుకి రెండింతల వోల్టేజీ ఊపు, పవర్ నాలుగింతలు, దాదాపు 4.5 వాట్. 12 వోల్ట్ బ్యాటరీ పెట్టినా అంతే వస్తది, అదే సులువు. అర వాట్ స్పీకరైతే మాడిపోద్ది.

జవాబు 3: ఇవన్నీ ఎందుకండీ, విజయవాడ వెళ్లి 8 ఓమ్స్ హారన్ స్పీకరు తెచ్చుకోండి, అదే కరెంటుకి ఎన్నో రెట్లు అరుస్తది. గుడి మైకులకి పెట్టే 100 వోల్ట్ లైన్‌ది వద్దు, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది, మీ 6 వోల్ట్‌కి సరిగా పలకదు.

అడిగినోడు: టిప్122 పెట్టా అన్నా, పక్క కల్లం కుక్కలన్నీ లేచినయ్. హారన్ ఆదివారం తెస్తా.