క్రాస్‌కంట్రీలో గుర్రం కాళ్లకు ఏం కట్టాలి? కట్టినచోటా గాయమే, కట్టనిచోటా గాయమే

భీమిలి రౌతు:

అందరికీ నమస్తే. మా ఆడగుర్రం మార్వారీ, థరోబ్రెడ్ కలిసిన జాతి. తొమ్మిదేళ్లది, ఎత్తు 15 హ్యాండ్స్ (అంటే ఐదడుగులు), కాళ్లు సన్నం. భీమిలి అవతల తెలిసినవాళ్ల సరుగుడు తోటలో వారానికి రెండుసార్లు దూకిస్తున్నాను. 2018 ఆసియా క్రీడల్లో ఫవాద్ మీర్జా గుర్రపు స్వారీలో రజతం గెలిచినప్పటి నుంచి నాకు ఈ పిచ్చి. మా అత్తగారికి మాత్రం ఇది ఇప్పటికీ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించి తిప్పే గుర్రాల వ్యవహారమే.

మా క్రాస్‌కంట్రీ అంటే మూడు తాటిమొద్దులు, ఒక గొయ్యి, ఒక ఎర్రమట్టి గట్టు, మధ్యలో గెడ్డ. దేని ఎత్తూ 80 సెంటీమీటర్లు దాటదు.

పోయిన ఆదివారం సంగతి. ముందు కాళ్లకు లోపల గొర్రెబొచ్చు అస్తరు ఉన్న బూట్లు తొడిగాం. గెడ్డ దాటేసరికి అవి నీళ్లు తాగి బరువెక్కి కిందికి జారాయి. లోపలికి ఇసుక దూరింది. ఇంటికొచ్చి విప్పితే గిట్ట పైకీలు దగ్గర చర్మం అరిగి ఎర్రగా ఉంది. అది చాలదన్నట్టు కుడి ముందుకాలి మడమ మీద కోసుకుపోయింది. గట్టు దిగేటప్పుడు వెనక కాలి లాడం తగిలినట్టుంది. ఆ చోట ఏమీ కట్టలేదు.

బూట్లు అమ్మినాయన ఇంకా మందంవి తీసుకోమంటాడు. గుర్రాన్ని చూసుకునే మా సైసు గుడ్డ బ్యాండేజీలే మేలంటాడు. తోటి రౌతు ఒకావిడ ముందు భాగం తెరిచి ఉండే జంపింగ్ బూట్లు ఇస్తానంటోంది. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి? అసలే ఇక్కడ ఉక్క, పొద్దున ఏడింటికే గుర్రం చెమటతో తడిసిపోతోంది.

పాత లాయం:

అమ్మా, ముప్పై ఏళ్లు గుర్రాల మధ్య బతికినవాణ్ని, ఇప్పుడు సింహాచలం దగ్గర ఖాళీగా కూర్చున్నాను. ఆ ముగ్గురి మాటా పక్కన పెట్టేయండి.

గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి), పైన చర్మం, అంతే. బూటు కట్టేది దెబ్బ తగలకుండా. కాలికి బలం ఇస్తుందని కొనకండి, గుర్రం బరువులో అది మోసేది ఏమీ ఉండదు. ఇంకో సంగతి. దౌడులో టెండన్ లోపలి వేడి 45 డిగ్రీల దాకా పోతుందని కొలిచి చూశారు. దాని మీద మందపాటి బొచ్చు కట్టి, పైన మన విశాఖ ఉక్క కలిస్తే కాలికి కంబళి చుట్టినట్టే. తేలికగా, గాలి ఆడే రంధ్రాలతో, నీళ్లు వెంటనే కారిపోయేలా ఉన్నవి చూడండి. వెనక టెండన్ మీద మాత్రం గట్టి పలక ఉండాలి.

జంపింగ్ బూట్లు ఎందుకు వద్దంటే, జంపింగ్ పోటీల్లో అడ్డంగా పెట్టే కర్ర తగిలితే పడిపోతుంది. ఆ తగలడం గుర్రానికి తెలియాలని ముందు భాగం వదిలేస్తారు. మీ తాటిమొద్దు పడదు కదా. దాని పీచు గీసిందంటే చర్మం లేచిపోతుంది. అందుకని చుట్టూ కప్పేవే కావాలి. వెనక కాళ్లకూ కట్టండి, అవి కాస్త పొడుగ్గా ఉండాలి. మొద్దు మీద కాళ్లు ఈడ్చేది వెనకవే.

గుడ్డ బ్యాండేజీ జోలికి పోవద్దు. తడిస్తే సాగుతుంది, వదులై ఊడి కాళ్లకు చుట్టుకుంటుంది. ఊడకూడదని బిగిస్తే టెండన్ నలుగుతుంది. సైసు మీద కోపం వద్దు, పొడి నేల మీద తిప్పడానికి అతని పద్ధతి బాగానే ఉంటుంది.

మడమ గాయానికి వేరే మందు లేదు, గిట్ట చుట్టూ గంటలా తొడిగే బెల్ బూట్లే. మడమ ఉబ్బు కప్పేంత పొడవు చాలు. నేలకు ఆనేంత పొడుగైతే వెనక కాలితో తొక్కుకుని తూలుతుంది. రబ్బరువి అయితే వేణ్నీళ్లలో కాసేపు నానబెట్టి, లోపలివైపు బయటికి తిప్పి ఎక్కించండి, లేకపోతే మీ వేళ్లు పోతాయి.

ఒకటి అడగడం మరిచాను. మీ బూట్ల పట్టీలు కాలికి ఏ వైపున ఉంటున్నాయి?

సరుగుడు తోట:

80 సెంటీమీటర్లకి ఇంత హడావుడా? మా గుర్రాలు ఏమీ లేకుండానే దూకుతాయి. పల్లేరుకాయలు పట్టవు, వేడి ఉండదు, ఇసుక రాదు. మే నెలలో నేనైతే అన్నీ విప్పేస్తాను.

పాత లాయం:

మెత్తటి నేల మీద, లాడాలు లేని గుర్రమైతే మీ మాట కొంత ఒప్పుకుంటాను. ఈవిడ గుర్రానికి లాడం తగిలి ఇప్పటికే తెగింది. ఎండకు భయమైతే పొద్దున్నే ఐదింటికి మొదలుపెట్టాలి గానీ, బెల్ బూటు విప్పేస్తే ఎలా?

మధురవాడ పిన్ని:

కొనేముందు టైలర్ టేపుతో మోకాలి కింది నుంచి కీలు దాకా పొడవు, కాలి చుట్టుకొలత తీసుకో. మార్వారీ సన్నకాళ్లకి ఫుల్ సైజు తిరిగిపోతుంది. ఒళ్లు ఫుల్ సైజే అయినా దాని కన్నా ఒక మెట్టు చిన్నదైన కాబ్ సైజు సరిపోవచ్చు. నేను కాన్పూర్ నుంచి తోలు బూట్లు తెప్పించి ఏడాదికే పారేశాను. మన ఉప్పుగాలికి బకిల్స్ తుప్పు పట్టాయి, తోలు నూనె రాయకపోతే అట్ట అయిపోయింది. వెల్క్రో అయితే మేలు, కానీ దాన్లో ఇసుక చేరితే పట్టు పోతుంది, పాత పళ్లబ్రష్‌తో గీకు. గెడ్డ ఉంది కాబట్టి వెల్క్రో మీద ఒక చుట్టు ఎలక్ట్రికల్ టేపు వెయ్యి. టేపు మాత్రం పట్టీ కన్నా బిగువు కాకూడదు, అది సాగదు.

దిగగానే ముందు బూట్లు విప్పు, ఫోటోలు తర్వాత. పది, పదిహేను నిమిషాలు కాళ్ల మీద చన్నీళ్లు పట్టు. అప్పుడు చేత్తో మెల్లగా తడిమి చూడు. తుమ్మముల్లు కంటికి కనపడదు.

భీమిలి రౌతు:

అందరికీ థ్యాంక్స్. రంధ్రాలున్నవి, కాబ్ సైజు, నాలుగు కాళ్లకీ తీసుకున్నాను. ముందు రెండు రోజులు ఇంటి దగ్గరే పదేసి నిమిషాలు తొడిగి నడిపించాం. వెనకవి మొదటిసారి తొడిగినప్పుడు కొంగలా కాళ్లెత్తి నడిచింది, వీధిలో పిల్లలందరూ నవ్వారు. నిన్న గెడ్డ దాటించాను. బయటికి వచ్చిన పది అడుగుల్లో నీళ్లన్నీ కారిపోయాయి. విప్పాక కాళ్లు వెచ్చగా ఉన్నాయి గానీ ఇదివరకటిలా కాలిపోవడం లేదు, ఇసుక పెద్దగా లేదు. బెల్ బూటు మీద లాడం గీత ఒకటి పడింది. మడమకి ఏమీ కాలేదు.

పాత లాయం గారూ, మీరు అడిగిన పట్టీల సంగతి. పోయిన ఆదివారం వీడియో మళ్లీ చూశాను. పట్టీలు లోపలివైపు ఉన్నాయి. అంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకి తొడిగేశాం. కాలికి కాలు కొట్టుకునే వైపు ఉండాల్సిన గట్టి పలక బయటికి పోయింది. ఆరు నెలలుగా ఇదే జరిగిందని సైసు ఒప్పుకోవడం లేదు, నేనూ ఒప్పుకోవాలనుకోవడం లేదు. కొత్తవాటిలో కుడివాటి మీద నా ఎర్ర నెయిల్ పాలిష్‌తో తలా ఒక చుక్క పెట్టాను.