యు లేని క్యూ ఎవరి దగ్గరైనా ఉందా?

మొన్న ఆదివారం మేనల్లుడితో స్క్రాబుల్ ఆడుతూ ఒక మాట దగ్గర తగువు పడ్డాం. ఇంగ్లీషు తగువుగా మొదలై తెలుగు తగువుగా తేలింది కాబట్టి ఇక్కడికి మోసుకొచ్చాను.

ఆట తెలియనివారికి ఒక్క ముక్క. అక్షరాల బిళ్లలను బోర్డు మీద మాటలుగా పేర్చి పాయింట్లు కొట్టాలి. వంద బిళ్లలుంటాయి. రెండు ఖాళీవి, ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు. మిగిలిన వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు. ఎక్కువగా వాడే ఇ బిళ్లలు 12, ఒక్కోదానికి 1 పాయింటు. క్యూ ఒక్కటే ఉంటుంది, దానికి 10. (1930ల మాంద్యంలో పని పోయిన అమెరికా ఆర్కిటెక్టు ఆల్‌ఫ్రెడ్ బట్స్ పత్రికల పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి ఈ విలువలు కట్టాడు. ఖాళీగా ఉన్నవాడు చేసిన పనుల్లో ఇంత పనికొచ్చేది తక్కువ.) క్యూ చేతికొస్తే సంతోషించాలో ఏడవాలో తెలియదు. ఇంగ్లీషులో అది యు తోడు లేకుండా గడప దాటదు, యు బిళ్లలేమో నాలుగే. ఆట ముగిసేసరికి చేతిలో ఉండిపోతే ఆ 10 మన లెక్కలోంచే కొట్టేస్తారు.

ఆ రోజు నాలుగు యులూ బోర్డెక్కేశాయి. నా పట్టీలో క్యూ దిష్టిబొమ్మలా కూర్చుంది. బోర్డు మీద ఒక ఎ కనిపిస్తే దానికి అటూ ఇటూ పేర్చి డబ్ల్యూ–ఎ–క్యూ–ఎఫ్ అని పెట్టాను. వక్ఫ్. 19 పాయింట్లు.

“మామయ్యా, అది మన పేపర్లో వచ్చే మాట. ఇంగ్లీషు కాదు” అన్నాడు వాడు.

ఆటలో ఏ మాట చెల్లుతుందో తేల్చే కాలిన్స్ పదాల జాబితా తెరిచి చూపించాను. ఉంది. చివర ఎస్ చేర్చిన బహువచనంతో సహా ఉంది.

ఆ రాత్రి యు అంటని క్యూ మాటల కోసం జాబితా అంతా గాలించాను. దొరికినవి చూస్తే సగం మన వీధిలోవే. ఎఫ్–ఎ–క్యూ–ఐ–ఆర్, ఫకీరు. క్యూ–ఎ–డి–ఐ, ఖాజీ. టి–ఎ–ఎల్–ఎ–క్యూ, తలాఖ్. ఎన్–ఐ–క్యూ–ఎ–బి, నికాబ్. ఖవాలీ ఉంది. చివరికి క్యూ–ఓ–ఆర్–ఎం–ఎ, చపాతీలో నంజుకునే మన కుర్మా! కె తో రాసినా చెల్లుతుంది గాని అప్పుడు 11 పాయింట్లే, క్యూతో అయితే 16. ఫకీరూ అంతే, కె తో 12, క్యూతో 17. ఫకీరుకు కూడా అయిదు పాయింట్ల ఆస్తి తేడా.

కారణం ఇది. అరబ్బీలో క కంటే లోపల, కొండనాలుక దగ్గర పుట్టే ఒక ధ్వని ఉంది. ఆ అక్షరాన్ని ఉర్దూలో ఖాఫ్ అంటారు. ఇంగ్లీషువారు మొదట్లో దాన్ని సి తోనో కె తోనో చెవికి తోచినట్టు రాశారు. తరువాత పండితులు ఆ ధ్వనిని మామూలు క నుంచి వేరుచేసి చూపడానికి క్యూ వాడారు. అందుకే ఖాజీకి జాబితాలో సి, కె, క్యూ మూడు రూపాలూ ఉన్నాయి. ఆ క్యూ లాటిన్ నుంచి వచ్చింది కాదు కనుక దానికి యు తోకా లేదు.

మనకు ఆ ధ్వని లేదు. కొన్నింటిని క చేసుకున్నాం: కలం, కౌలు, కిస్తీ, హక్కు. కొన్నింటిని ఖ చేసుకున్నాం: ఖాయం, ఖరారు, బురఖా. దక్కనీ ఉర్దూలో ఖాఫ్‌ను ఖ లాగే పలుకుతారు, ఈ రెండో వరసకు అదే దారి అని నా అభిప్రాయం. కౌలు రైతు కౌలు అరబ్బీలో ‘మాట’ అని తెలిసినప్పటి నుంచి నాకు ఆ మాట మీద గౌరవం పెరిగింది. మాట ఇచ్చి పొలం తీసుకోవడమే కదా.

వ్యాఖ్య: అయితే తెలుగులో ఖ కనిపిస్తే క్యూ పెట్టేయవచ్చా అండీ?

జవాబు: పెట్టకండి, మునిగిపోతారు. ఖర్చు, ఖజానా, ఖాళీ, ఖరీదు వేరే అక్షరం నుంచి వచ్చాయి, వాటిని ఇంగ్లీషులో కె–హెచ్ తో రాస్తారు. మనం రెండు ధ్వనులనూ ఒకే ఖ లో కలిపేశాం.

వ్యాఖ్య: మా నాన్నగారు క్యూ–ఎ–ఐ–డి పెట్టి “ఖైదు” అన్నారు. చెల్లింది కూడా.

జవాబు: పాయింట్లు న్యాయమైనవే, అర్థమే పొరపాటు. జాబితాలోని ఆ మాట ఉత్తర ఆఫ్రికాలో నాయకుడికి, అధికారికి చెప్పేది. ఖైదు అరబ్బీలో వేరే మాట. ఆటలో అర్థం చెప్పమని ఎవరూ అడగరు కాబట్టి నాన్నగారు క్షేమం.

వ్యాఖ్య: జెడ్ సంగతి? అదీ 10 పాయింట్లే కదండీ.

జవాబు: నిజాం చెల్లుతుంది, 16. జమీందారు, జనానా ఉన్నాయి. జిల్లా అయితే ఒక ఎల్‌తో, రెండు ఎల్‌లతో, చివర హెచ్‌తో మూడు రకాలుగా చెల్లుతుంది. ఇజ్జత్ కూడా ఉంది గాని అందులో రెండు జెడ్‌లు, సంచిలో ఉన్నది ఒక్కటే. ఖాళీ బిళ్ల ఉంటే తప్ప ఇజ్జత్ నిలబడదు.

వ్యాఖ్య: చిన్నవి ఏమైనా చెప్పండి గురువుగారూ, ఇంత పొడుగు మాటలకు బోర్డులో చోటు దొరకదు.

జవాబు: క్యూ–ఐ. చైనా మాట, ‘చీ’ అని పలకాలి, ప్రాణశక్తి అని అర్థం. అమెరికా జాబితాలో 2006లో చేరింది. ఎక్కడైనా ఒక ఐ ఉంటే చాలు.

వ్యాఖ్య: కుర్మాకు క్యూ ఉంటే కైమాకూ ఉండాలి మరి!

జవాబు: ఉర్దూలో కైమా కూడా ఖాఫే. తాలూకా కూడా. నేనూ అదే ధైర్యంతో నిన్న కైమాను క్యూతో పెట్టాను. మేనల్లుడు జాబితా తెరిచాడు. అందులో ఉన్నది కె తోనే. బిళ్లలు వెనక్కి తీసుకుని, ఒక వంతు పోగొట్టుకుని కూర్చున్నాను. నా క్యూకు కావలసిన ఐ అప్పటికే వాడి చేతిలో ఉందని తరువాత తెలిసింది.