వాయించడం, వాయిస్తూ, వాయిస్తున్నాడు: మూడింటికీ ఇంగ్లీషులో ఒకే తోక

టపా

ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునేవాణ్ని. ఈ ప్రశ్న మొదట ఇంగ్లీషుదే అనుకున్నాను. తవ్వుతూ పోతే తెలుగులో తేలింది, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మొన్న తరగతిలో బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. ఒకటి ‘హి ఈజ్ ప్లేయింగ్ ద ఫ్లూట్’, రెండోది ‘హిజ్ హాబీ ఈజ్ ప్లేయింగ్ ద ఫ్లూట్’. మొదటిదానికి ‘అతను వేణువు ఊదుతున్నాడు’ అని అందరూ సరిగానే చెప్పారు. రెండోది చెప్పమంటే వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచి ‘అతని హాబీ వేణువు ఊదుతోంది’ అన్నాడు. తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే సిగ్గనిపించింది. ‘ఈజ్’ పక్కన ‘ఇంగ్’ కనిపిస్తే జరుగుతున్న పని అని అంతకు ముందు వారం చెప్పింది నేనే. వాడు నా సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు, అంతే.

మర్నాడు ఇంగ్లీషు సూత్రాలు పక్కనపెట్టి ముందు తెలుగు రాయించాను. వాయిస్తున్నాడు, వాయిస్తూ, వాయించడం. అతను వయొలిన్ వాయిస్తున్నాడు. అతను వయొలిన్ వాయిస్తూ కూర్చున్నాడు. వయొలిన్ వాయించడం అతనికి ఇష్టం. మూడు చోట్లా ఇంగ్లీషులో ‘ప్లేయింగ్’ అనే ఒక్క మాటే వస్తుంది. మనకు మాత్రం మూడూ మూడు రూపాలు. ‘అతని హాబీ వేణువు ఊదడం’ అనగానే, ఇది పని చేస్తున్న మాట కాదు, పనికి పెట్టిన పేరు అని పిల్లలే పట్టేశారు. జెరండ్ అనే పదం వాళ్ల చెవిన వేయకముందే జెరండ్ వచ్చేసింది.

వాద్యాలనే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆటలతో మొదలుపెడితే జెరండ్ అవసరమే పడదు. ‘నాకు చదరంగం ఇష్టం’ అంటే చాలు, ‘ఆడడం’ అని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ‘నాకు వీణ ఇష్టం’ అన్నవాణ్ని మాత్రం అడగాల్సిందే: వినడమా, వాయించడమా, నేర్చుకోవడమా? ఒకమ్మాయి ‘వినడం ఇష్టం, శ్రుతి చేయడం విసుగు’ అంది. ఒక్క వాక్యంలో రెండు జెరండ్లు, వ్యాకరణం కోసం అల్లినవి కావు. పైగా వీణైనా వేణువైనా మృదంగమైనా ఇంగ్లీషులో ‘ప్లే’ ఒక్కటే సరిపోతుంది. క్రియ మారదు కాబట్టి పిల్లల చూపంతా ‘ఇంగ్’ అనే తోక మీదే ఉంటుంది.

ఇక నా ప్రశ్న. తెలుగులో ‘-డం’ వచ్చిన చోట ఇంగ్లీషులో జెరండ్ వేసుకోవచ్చు అని పిల్లలకు భరోసాగా చెప్పవచ్చా? ఈ సూత్రం ఒక జల్లెడ అనుకుంటే, జల్లెడ అన్నాక చిల్లులుంటాయి. ఏ చిల్లు మరీ పెద్దదో చెప్పండి.

జవాబు

మాస్టారూ, మీ కుర్రాడి తప్పు వెనక చాలా పాత కథ ఉంది. ప్రాచీన ఇంగ్లీషులో పనికి పేరు పెట్టే ప్రత్యయం వేరు, ‘చేస్తూ’ అనే అర్థమిచ్చే ప్రత్యయం వేరు. మొదటిది ‘-ఉంగ్’ లేదా ‘-ఇంగ్’, రెండోది ‘-ఎండె’. మధ్యయుగపు ఇంగ్లీషులో రెండోది అరిగిపోయి మొదటి దానిలో కలిసిపోయింది. అంటే మన ‘-డం’, ‘-తూ’ కలిసిపోయి ఒకటైనట్టు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జి ఆంగ్ల వ్యాకరణమైతే వీటిని విడదీయడమే మానేసి రెండింటికీ కలిపి ఒకే పేరు పెట్టింది. విడదీయలేనివాడు ఒక్క మీ కుర్రాడే కాదన్నమాట.

మన వ్యాకరణంలో ‘వాయిస్తూ’ శత్రర్థకం, అంటే జరుగుతున్న పనిని చెప్పేది; ‘వాయించి’ క్త్వార్థకం, అంటే ముగిసిన పనిని చెప్పేది. ‘వాయించడం’ భావార్థకం, గ్రంథాల్లో ‘వాయించుట’. అది నామం అనడానికి సాక్ష్యం విభక్తులు: వాయించడాన్ని, వాయించడంలో, వాయించడం వల్ల. ‘వాయించడంలో దిట్ట’ అన్నదాన్ని ఇంగ్లీషు చేస్తే ‘గుడ్ ఎట్ ప్లేయింగ్’. అక్కడ విభక్తి ప్రత్యయం, ఇక్కడ ప్రిపొజిషన్. ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే జెరండే అన్న సూత్రాన్ని ఇంతకంటే తేలిగ్గా చెప్పలేం.

అయితే ‘వాయించడం’ నామమైనా పూర్తిగా నామం కాలేదు. ‘మెల్లగా వాయించడం’ అంటాం, ‘మెల్లని వాయించడం’ అనం. విశేషణం తగిలించాలంటే ‘వాదనం’ కావాలి, ‘మధురమైన వీణావాదనం’. ఇంగ్లీషులోనూ ఇంతే: ‘ప్లేయింగ్ ద వీణ సాఫ్ట్‌లీ’ అంటే జెరండ్, ‘ద సాఫ్ట్ ప్లేయింగ్ ఆఫ్ ద వీణ’ అంటే అచ్చమైన నామం. అక్కడ తోక ఒకటే కాబట్టి తేడా కంటికి ఆనదు. మనకు ఒకటి తద్భవం, ఒకటి తత్సమం, దూరం నుంచే తెలిసిపోతుంది.

జవాబు

పైవారు వ్యాకరణం చెప్పారు, నేను వాద్యాల వైపు నుంచి వస్తాను. ఇంగ్లీషులో ‘ప్లే’ ఒక్కటే అని సంతోషించారు గాని, తెలుగులో ఉన్న సంపదను దాటేశారు. నాట్యశాస్త్రం వాద్యాలను తతం, సుషిరం, అవనద్ధం, ఘనం అని నాలుగుగా విడదీసింది. మన క్రియలు చూడండి, దాదాపు అదే గీత మీద నడుస్తాయి. తీగలున్న దాన్ని మీటుతాం. గాలి పోయే దాన్ని ఊదుతాం, శంఖమైతే పూరిస్తాం. చర్మం బిగించిన దాన్ని కొడతాం లేదా వాయిస్తాం. లోహంతో చేసిన గంటను మోగిస్తాం, తాళం వేస్తాం. అన్నిటికీ పెద్దదిక్కుగా ‘వాయించు’ ఎలాగూ ఉంది.

పాఠంలో రెండో రోజుకు ఇది పనికొస్తుంది. మీటడం, ఊదడం, కొట్టడం, కమాను లాగడం, వీటిని ‘ప్లకింగ్’, ‘బ్లోయింగ్’, ‘బీటింగ్’, ‘బోయింగ్’ అని జోడీ కట్టించండి. ఒక హెచ్చరిక. ‘బ్లోయింగ్ ద ఫ్లూట్’ అని అనువదించి వదిలేస్తారు పిల్లలు. వేణువు వాయించడం ఇంగ్లీషులో ‘ప్లేయింగే’. ‘బ్లోయింగ్’ అంటే రంధ్రంలోకి గాలి ఊదడం వరకే, రాగం పలికినా పలక్కపోయినా.

‘ద’ సంగతి కూడా మరవకండి. ఆట పేరుకు ముందు అది రాదు, వాద్యం పేరుకు ముందు వస్తుంది. సంగీతం వృత్తిగా ఉన్నవాళ్లు, అమెరికావాళ్లు ‘ప్లేయింగ్ గిటార్’ అని వదిలేస్తుంటారు కాబట్టి, రాయకపోతే మరీ మార్కులు కోసేయకండి.

జవాబు

అయ్యా, మీరు అడిగిన పెద్ద చిల్లు నేను చూపిస్తాను: ‘వాయించడానికి’.

‘వాయించడానికి వచ్చాడు’ అంటే ‘కేమ్ టు ప్లే’. ‘వాయించడానికి అలవాటు పడ్డాడు’ అంటే ‘గాట్ యూజ్డ్ టు ప్లేయింగ్’. రెంటిలోనూ తెలుగు రూపం ఒకటే, రెంటిలోనూ ఇంగ్లీషులో ‘టు’ ఉంది, కాని ఒకచోట ‘ప్లే’, ఒకచోట ‘ప్లేయింగ్’. డిగ్రీలు చేసినవాళ్లు కూడా ఇక్కడ బోర్లా పడతారు. నేనూ చాలా ఏళ్లు పడ్డాను.

నాకు దొరికిన ఉపాయం ‘-డానికి’ తీసి ‘-ఏందుకు’ పెట్టి చూడడం. ‘వాయించేందుకు వచ్చాడు’ బాగానే ఉంది, ‘వాయించేందుకు ఒప్పుకున్నాడు’ బాగానే ఉంది. ఇవి ‘టు ప్లే’. ‘వాయించేందుకు అలవాటు పడ్డాడు’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. ‘రాత్రిపూట వాయించేందుకు నేను వ్యతిరేకం’ కూడా అంతే. గుచ్చుకున్న చోట ‘ప్లేయింగ్’ వేయండి.

జవాబు

పై ఉపాయం బాగుందండీ, కాని ‘లుక్ ఫార్వర్డ్ టు’ దగ్గర బెడిసికొడుతుంది. ‘వాయించేందుకు ఎదురుచూస్తున్నాడు’ అంటే తెలుగు చెవికి ఏ అభ్యంతరమూ లేదు. ఇంగ్లీషుకేమో ‘ప్లేయింగ్’ కావాలి. దీనికి వేరే పరీక్ష ఉంది. క్రియ తీసేసి అక్కడ ఒక నామం పెట్టండి. ‘లుక్ ఫార్వర్డ్ టు ద కచేరీ’ కుదిరింది, అంటే ఆ ‘టు’ ప్రిపొజిషనే. తెలుగు జల్లెడ తప్పినప్పుడు ఇంగ్లీషు జల్లెడ పట్టడంలో తప్పు లేదు.

ఇంకో చిల్లు కూడా చూసుకోండి. ‘నాకు వీణ వాయించడం వచ్చు’. ‘-డం’ ఉంది కదా అని ‘ప్లేయింగ్’ వేస్తే ఇంగ్లీషు వాక్యం నిలబడదు. అక్కడ ‘ఐ కెన్ ప్లే’ అనాలి. వచ్చు, రాదు, కుదరదు, ఈ మూడూ కనిపిస్తే పిల్లలను ఆగమనండి.

టపా రాసినవారి మాట

‘ఆగమనండి’ అన్నారు, సరిగ్గా ఆ మాట దగ్గరే నాకు మరో పాఠం దొరికింది. ‘స్టాప్’ తర్వాత రెండు రకాలూ వస్తాయి, అర్థాలు మాత్రం తలకిందులు. నేను ఏటా బాణం గుర్తులు గీసి మరీ చెప్పేవాణ్ని, ఒక్కరికీ ఎక్కేది కాదు. నిన్న ఊరికే తెలుగులో చెప్పాను: ‘శ్రుతి చేయడం ఆపాడు’, ‘శ్రుతి చేయడానికి ఆగాడు’. ఆపు, ఆగు. క్రియే మారిపోయింది! మొదటివాడు ఇక బిరడాలు ముట్టుకోడు, అది ‘స్టాప్డ్ ట్యూనింగ్’. రెండోవాడు పాట మధ్యలో నిలిచి ఇప్పుడే బిరడాలు తిప్పడం మొదలుపెట్టాడు, అది ‘స్టాప్డ్ టు ట్యూన్’. నా బాణాలకు పింఛను ఇచ్చేశాను.

‘రిమెంబర్’ కూడా ఇదే దారిలో పోయింది. ‘వాయించడం గుర్తుంది’ అంటే ఎప్పుడో వాయించేశాడు. ‘వాయించాలని గుర్తుంది’ అంటే ఇంకా వాయించాలి. ‘-ఆలని’ వచ్చిన చోట ‘టు’. ‘ఎంజాయ్’, ‘ఫినిష్’, ‘అవాయిడ్’ లాంటివాటికి మాత్రం ఏ ఉపాయమూ దొరకలేదు. అవి జెరండ్‌నే కోరతాయి, కంఠస్థం చేయాల్సిందే.

ఒక తప్పు గురించి అడగాలి. ‘నేను వాయించడం ఆమెకు నచ్చలేదు’ అన్నదానికి సగం మంది ‘ఐ ప్లేయింగ్’ అని రాశారు. తెలుగులో కర్త ప్రథమా విభక్తిలోనే ఉంటుంది కాబట్టి అలా వచ్చిందని నా ఊహ. సరేనా?

జవాబు

సరే మాస్టారూ. మన భావార్థకం కర్తను కర్తగానే ఉంచుతుంది: నేను వాయించడం, నువ్వు రావడం. ఇంగ్లీషు మాత్రం దాన్ని సొత్తుగా మార్చి ‘మై ప్లేయింగ్’ అంటుంది, మాటల్లోనైతే ‘మీ (me) ప్లేయింగ్’ అని కూడా. ‘నా వాయించడం’ అనేది తెలుగుకు నప్పదు, ‘నా వాయింపు’ నప్పుతుంది. కాబట్టి ఈ ఒక్క చోట పిల్లలను ముందు ‘వాయింపు’ దారి పట్టించి, అక్కణ్నుంచి ఇంగ్లీషులోకి పంపండి.

జవాబు

చివరగా ఒక సందేహం, నన్ను చాలా కాలంగా వేధిస్తున్నది. ‘ట్యూనింగ్ ఫోర్క్’లో ఉన్నది ఏ ‘ఇంగ్’? మన విజ్ఞానశాస్త్రం పుస్తకాల్లో శ్రుతిదండం అంటాం. 1711లో జాన్ షోర్ అనే ఇంగ్లీషు ట్రంపెట్ వాద్యకారుడు దాన్ని తయారుచేశాడు. ఆ దండం తనంతట తాను శ్రుతి చేయదు, శ్రుతి చేయడానికి పనికొస్తుంది, కనుక జెరండే అనుకుంటాను. మరి ‘సింగింగ్ బర్డ్’ అంటే పాడే పక్షి. తెలుగులో ‘శ్రుతి చేసే దండం’, ‘పాడే పక్షి’, రెంటికీ ‘-ఏ’నే వస్తోంది. ఇక్కడ మీ జల్లెడ ఏమైనట్టు?

టపా రాసినవారి మాట

ఇక్కడ జల్లెడ పనిచేయడం లేదండీ, ఒప్పుకుంటున్నాను. ‘-ఏ’ మనకు అన్నిటినీ మోస్తుంది: పాడే మనిషి, పాడే పాట, పాడే గది. ఈసారి మనదే ఒక్క తోక.

అయితే ఇంగ్లీషు ఇక్కడ చెవికి దారి చూపిస్తుంది. ‘సింగింగ్ టీచర్’ తీసుకోండి. ‘సింగింగ్’ మీద ఊనిక పెట్టి పలికితే పాట నేర్పే టీచరు. ఊనిక ‘టీచర్’ మీదికి జరిపితే, ఆవిడ లెక్కలు చెప్పేవారే కావచ్చు, ప్రస్తుతం పాడుతున్నారు. ‘ట్యూనింగ్ ఫోర్క్’లో ఊనిక ఎప్పుడూ ముందుమాట మీదే, అంటే మీరన్నట్టు జెరండే. కాగితం మీద ఈ తేడా కనిపించదు. కాబట్టి రేపు బోర్డు మీద ఏమీ రాయను. రెండు రకాలుగానూ పలికి, ఏ టీచరో పిల్లలనే చెప్పమంటాను. ముందుగా ఆ వెనక బెంచీ కుర్రాణ్ని.